పోతరాజొకఁడా, పోతరాజొక్కఁడా? (ఇంటిపేర్ల లెక్క కూడా)

నల్లకుంట పాఠకుడు:
కొద్ది రోజులుగా పోతన భాగవతంలోని "ఇమ్మనుజేశ్వరాధముల" పద్యం చివరి పాదం నోట్లో తిరుగుతోంది. "బమ్మెర పోతరాజొక్కఁడు భాగవతంబు జగద్ధితంబుగన్". ఒక్కఁడా, ఒకఁడా? పుస్తకం తీస్తే పాఠం దొరుకుతుంది, అర్థం మాత్రం పెద్దలు చెప్పాల్సిందే. ఎందుకంటే, మా ఇంటిపేరు చాలా అరుదు. మా తాతగారి చిన్నతనంలో ఖమ్మం వైపు ఒక వీధి వీధంతా మావాళ్ళే ఉండేవారట. ఇప్పుడు హైదరాబాదులో ఆ పేరున్నవి మా ఇల్లు, మా పెదనాన్నగారిల్లు. పెదనాన్నగారికి ఇద్దరూ ఆడపిల్లలే. వంశవృక్షం రాస్తూ మొదటి పేజీలో ఈ పాదం పెట్టాలనుకున్నాను. పోతన నాటికి బమ్మెరవారు ఎందరో ఉండి, వారిలో తానొకడు అంటున్నాడా? తానొక్కడే అంటున్నాడా? ఇంటిపేర్లు ఎలా పెరుగుతాయో, ఎలా తరిగిపోతాయో తెలిసినవారు ఆ సంగతీ చెప్పండి.

శకటరేఫ:
ఒకఁడు. సందేహమే లేదు. ఉత్పలమాలలో భ, ర తర్వాత న గణం పడాలి. "బమ్మెర", "పోతరా", "జొకఁడు". చివరి మూడూ లఘువులు. "జొక్కఁడు" అన్నారంటే మొదటి అక్షరం గురువై అక్కడ భ గణం వచ్చి కూర్చుంటుంది, పద్యం కుంటుతుంది. అర్థం కూడా తేటగానే ఉంది. మనుజేశ్వరాధములకు కృతులిచ్చి ఊళ్ళూ వాహనాలూ పుచ్చుకున్న వాళ్ళ మధ్య ఇలాంటి వాడు ఒకానొకడున్నాడు అని. వినయం తప్ప మరొకటి లేదు.

మల్లియలార:
ఛందస్సు ఒక్కఁడును రానివ్వలేదు సరే, అంతమాత్రాన ఆ అర్థం కూడా లోపలికి రాకూడదని ఉందా శకటరేఫగారూ? దశమస్కంధానికి రండి. "నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు" పద్యం మూడో పాదం: "జిల్లెడు మోమువాఁడొకఁడు చెల్వల మానధనంబుఁ దెచ్చె". అదీ ఉత్పలమాలే. మూడో గణం "డొకఁడు". మీరు చెప్పిన న గణం, అదే చోటు! గోపికలు మల్లెపొదలనడుగుతున్నారు. ఆ ఒకఁడు ఎవరో వాళ్ళకు తెలియదా? వాళ్ళకు లోకంలో ఉన్నది వాడొక్కడే. పేరు చెప్పకుండా "ఒకఁడు" అనడంలోనే చనువూ, ఉక్రోషమూ, ప్రేమా అన్నీ ఉన్నాయి. కృష్ణుణ్ణి ఏ మాటతో ఏ చోట కూర్చోబెట్టాడో, తననూ అదే మాటతో అదే చోట కూర్చోబెట్టుకున్నాడు పోతన. నేను ఈ రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి చదువుకుంటాను. దీన్ని ఒట్టి వినయం అని సరిపెట్టుకోలేను.

శకటరేఫ:
పోలిక బాగుందమ్మా, కాదనను. అయితే న గణం దగ్గర మూడు లఘువులతో తేలిగ్గా ఇమిడే మాట కాబట్టి ఒకఁడు అక్కడ పడింది. అది ఛందస్సు ఇచ్చిన సౌకర్యం. ఒక్క అని ద్విత్వం కావాలనుకున్న చోట ఆయన తీసుకోకపోలేదు. "లావొక్కింతయు లేదు" అన్నాడు. అక్కడ శార్దూలం మొదటి గణం మూడూ గురువులు, "లావొక్కిం" చక్కగా కుదిరింది. కవి ఎప్పుడూ గణానికి మాట వెతుక్కుంటాడు.

మల్లియలార:
గణానికి మాట వెతుక్కునేవాళ్ళు వేరు, పోతన వేరు.

ఊరిబావి:
మాది పాలకుర్తి దిక్కు. బమ్మెర మాకు పక్కూరే, ఇప్పుడు జనగామ జిల్లాల ఉన్నది. మీరందరు ఒకఁడు మీదనే ఉన్నరు గాని, దానికి ముందలి అక్షరం ఎవ్వలు చూస్తలేరు. పై పాదం చివర్న "చెప్పె నీ" అని ఉన్నది. అంటె చెప్పెన్, ఈ. "ఈ బమ్మెర" అన్నడు. వేలువెట్టి చూపెట్టినట్టు ఈ ఊరు అన్నడంటె ఆ మనిషి ఆ ఊర్లె కూసొని రాసిండనే గదా. పోతనది కడప దిక్కు ఒంటిమిట్ట అనేటోళ్ళకు గీ ఒక్క అక్షరం చాలు.

శకటరేఫ:
'ఈ' పోతరాజుకు విశేషణం, బమ్మెరకు కాదు. "ఈ బమ్మెర పోతరాజు" అంతా కలిపి ఒక మనిషి.

లెక్కల పంతులు:
ఊరిబావిగారు కోప్పడకుండా వినాలి. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో ఎవరూ పిలవరు. వేమూరులో అందరూ వేమూరివారే, అక్కడ ఆ పేరు దేనికి? ఒక కుటుంబం వేరే ఊరికి వలస వెళ్ళాక, ఫలానా ఊరి నుంచి వచ్చినవాళ్ళు అని చుట్టుపక్కలవాళ్ళు గుర్తుపట్టడానికి ఆ ఊరు ఇంటిపేరవుతుంది. ఆ లెక్కన బమ్మెర అనే ఇంటిపేరు ఉందంటేనే వాళ్ళు బమ్మెర విడిచి ఎక్కడో స్థిరపడ్డారనాలి.

ఊరిబావి:
ఊరు ఇడిచినోళ్ళకే ఊరి పేరు అంటున్నరు. ఊరి మీద హక్కున్నోళ్ళ సంగతేంది? అగ్రహారం వట్టినోళ్ళు, మిరాశీదార్లు ఆ ఊర్లె ఉండంగనె ఆ ఊరి పేరు వెట్టుకున్నరు. పోతన నాగలి వట్టిండని మా దిక్కు ఇంటింటికి తెలుసు. భూమి ఉన్నది, ఊరు ఉన్నది, పేరు ఉన్నది.

లెక్కల పంతులు:
అదీ ఒక దారే, ఒప్పుకుంటాను. ఏ దారిన వచ్చినా ఫలితం ఒకటే. ఒక ఊరి నుంచి వెళ్ళిన నాలుగు కుటుంబాలు, వేరువేరు కులాలవాళ్ళు, వేరువేరు గోత్రాలవాళ్ళు, నాలుగు చోట్లా అదే ఇంటిపేరు పొందుతారు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. ఇంకో ఇంటిపేరు ఉంటుంది, ఒక్కడితో మొదలై వెయ్యి గడపలకు పాకినది. లెక్కలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక అసలు ప్రశ్నకు. నల్లకుంటవారి బాధ కొత్తదేం కాదు. 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇదే ప్రశ్నను ఒక పత్రికలో లెక్కగా ఇచ్చాడు. ఇంటిపేర్లు కాలక్రమంలో ఎందుకు అంతరిస్తున్నాయి అని. వాట్సన్ అనే మతాచార్యుడు పరిష్కారం పంపాడు, మరుసటి ఏడాది 1874లో ఇద్దరి పేరునా వ్యాసం వచ్చింది. అంతకంటే ముందే 1845లో ఫ్రాన్సులో బియెనేమే అనే గణితజ్ఞుడు ఈ విషయం రాశాడు.

లెక్క ఇలా ఉంటుంది. వంద ఇంటిపేర్లు, ఒక్కోదానికి ఒక్కో మగవాడితో మొదలయ్యాయనుకోండి. నలుగురిలో ఒకరికి కొడుకులు లేరు, ఇద్దరికి ఒక్కో కొడుకు, ఒకరికి ఇద్దరు. సగటున ఒక్కొక్కరికి ఒక కొడుకు, జనం పెరగరు, తరగరు. మొదటి తరం దాటేసరికి 25 పేర్లు పోతాయి. రెండో తరానికి 39, మూడో తరానికి 48, నాలుగో తరానికి 55. ఎవరికీ రోగం రాలేదు, కరువు రాలేదు. కొడుకుల్లేని ఇంటి పేరు ఒకసారి పోతే మళ్ళీ తిరిగి రాదు కాబట్టి, అంతే. మిగిలినవి పోయినవాటి చోటును కూడా ఆక్రమించి పెద్దవవుతాయి. సగటు ఒకటి కంటే ఎక్కువైతే కొన్ని పేర్లకు శాశ్వతంగా నిలిచే అవకాశం వస్తుంది, అయినా మొదటి రెండు మూడు తరాలే గండం. మీ తాతగారి వీధి నిండా ఉన్నవాళ్ళు ఇలా రెండిళ్ళకు రావడానికి ఎవరి తప్పూ అక్కర్లేదు.

నల్లకుంట పాఠకుడు:
పంతులుగారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. మా నాన్నగారు మాత్రం ఊరు విడిచి రావడం వల్లే పేరు పోతోందని బాధపడుతుంటారు.

మల్లియలార:
లెక్క అంతా కొడుకుల మీదే నడిచింది. కూతుళ్ళు ఎక్కడ పోయారు? మీ పెదనాన్నగారి పిల్లలు పెళ్ళయ్యాక పేరు మార్చుకున్నారా? నేను మార్చుకోలేదు, నా కూతురికి మా ఇంటిపేరూ, వాళ్ళ నాన్నగారి ఇంటిపేరూ రెండూ పెట్టాం. పూర్వం కూడా దారి ఉండేది. కొడుకుల్లేనివాళ్ళు కూతురి కొడుకుని దత్తత తీసుకునేవారు, ఆ పిల్లవాడు తాతగారి ఇంటిపేరుకు వచ్చేవాడు. ఇంటిపేరు నిలబెట్టాలన్న కోరిక ఉన్నవాళ్ళు ఆడపిల్లల వైపు చూడకుండా అంతరించిపోతోందని దుఃఖించడం నాకు నచ్చదు. నొప్పిస్తే మన్నించండి, ఇది మీ మీద కాదు.

శకటరేఫ:
పోతన దగ్గరికి వద్దాం. అసలు ఆయన ఇంటిపేరును ఎంత తక్కువ వాడుకున్నాడో చూడండి. స్కంధాంత గద్యలో "కేసన మంత్రిపుత్త్ర సహజ పాండిత్య పోతనామాత్య ప్రణీతంబైన" అంటాడు. తండ్రి పేరుంది, తన పేరుంది, ఇంటిపేరు లేదు. అంటే తండ్రి పేరుతో గుర్తింపు అనేదే ఆనాటి పద్ధతి. ఇంటిపేరు అప్పటికి ఇంకా గట్టిపడుతున్న దశ. ఎఱ్ఱనను చూడండి. ప్రగడ అంటే మంత్రి. ఎఱ్ఱాప్రగడ అన్నది మొదట మనిషీ, హోదా. ఇప్పుడదే ఇంటిపేరు. మనిషి పేరు ఇంటికి పేరయింది. కాబట్టి ఆనాడు బమ్మెరవారు ఎందరు అన్న ప్రశ్నను ఆనాటివాళ్ళు మనం అడిగినట్టు అడిగి ఉండరు.

మల్లియలార:
అలా అయితే, గద్యలో అక్కర్లేని ఇంటిపేరు ఆ ఒక్క పద్యంలో ఎందుకు తెచ్చుకున్నాడు? నా ఊహ చెబుతాను. పద్యం ప్రాస చూడండి: ఇమ్మ, సొమ్ము, సమ్మె, బమ్మె. నాలుగు పాదాలూ ఇంటిపేరు వైపే నడిచాయి. బమ్మెర అని ముగించాలని ముందే అనుకుని, ఆ మ్మ కోసం మనుజేశ్వరులనూ, సొమ్ములనూ, యముడి సమ్మెటనూ పిలిచాడు. పద్యం కిందినుంచి పైకి కట్టుకొచ్చాడని నా నమ్మకం.

శకటరేఫ:
ఊహగా ఉంచండి. ప్రాస మొదటి పాదంతో మొదలవుతుంది, చివరి పాదంతో కాదు.

తంగేడు:
నేను అమీర్‌పేటలో పాస్‌పోర్టు, వీసా దరఖాస్తులు నింపే పనిలో ఉన్నాను. పద్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, ఇంటిపేర్లు ఎలా మారుతున్నాయో మాత్రం రోజూ చూస్తున్నాను. ఆధార్‌లో పేరుకు ఒకటే వరుస. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి. అన్న తన ఇంటిపేరును మొదటి గడిలో రాస్తాడు, తమ్ముడు రెడ్డి అని రాస్తాడు. ఒక తల్లి బిడ్డలకు రెండు ఇంటిపేర్లు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకు అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోతుంది, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అలా శ్రీనివాస్ కూడా ఇంటిపేరైపోతుంది, పిల్లలకు అదే వస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగు సంగతి సరేసరి. వేమూరిలో ఊ కు ఒకరు యు రాస్తారు, ఒకరు రెండు ఓలు రాస్తారు. కంప్యూటరు దృష్టిలో వాళ్ళు వేరే వంశాలు.

లెక్కల పంతులు:
తంగేడుగారు చెప్పినదే ఈ చర్చలో అన్నిటికంటే విలువైన మాట. ఏది ఒక పేరు, ఏది రెండు పేర్లు అన్నది తేలకుండా ఎంత మంది అని అడగలేం. మన జనగణనలో ఇంటిపేర్ల లెక్క ప్రకటించరు. అమెరికావాళ్ళు ప్రకటిస్తారు. 2010 లెక్కల్లో వందమందికి తక్కువ కాకుండా ఉన్న ఇంటిపేర్లు 162,253. గార్సియా అనే స్పానిష్ ఇంటిపేరు 1990లో 18వ స్థానం, 2000లో 8, 2010లో 6. గాల్టన్ లెక్కతో ఈ వేగం రాదు, ఇది వలస. అదే జాబితాలో రెడ్డి అని చూసినప్పుడు జాగ్రత్త. ఐర్లండులోనూ రెడ్డి అనే ఇంటిపేరు ఉంది, స్పెల్లింగూ అదే. గడపలు కలిపి లెక్కేస్తే మనవాళ్ళూ వాళ్ళూ ఒక్కటైపోతారు. పైగా రెడ్డి, రావు, గౌడ్ మనకు ఇంటిపేర్లే కావు. ఒక్క రెడ్డి వెనుక ఎన్ని వందల ఇంటిపేర్లు దాగిపోతున్నాయో.

కొరియాలో అయిదుగురిలో ఒకరు కిమ్. అక్కడ కిమ్ అంటే చాలదు, గిమ్‌హే కిమ్, గ్యోంగ్‌జు కిమ్ అని మూలస్థానం చెప్పాలి. ఒకే కిమ్, ఒకే మూలస్థానం అయితే పెళ్ళి చేసుకోకూడదని చట్టమే ఉండేది, 1997లో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం కాదంది. మనలో చాలా కులాల్లో ఇంటిపేరు ఒకటైతే సంబంధం కలుపుకోరు కదా, అలాంటిదే. జపానులో దంపతులకు ఒకే ఇంటిపేరు ఉండాలని చట్టం. అది ఇలాగే కొనసాగితే 2531 నాటికి జపానువాళ్ళందరి ఇంటిపేరూ సాతో అయిపోతుందని తొహోకు విశ్వవిద్యాలయం ఆచార్యుడొకరు 2024లో లెక్క కట్టి చూపించారు. జోస్యంగా కాదు, ఆ చట్టం ఎటు తీసుకెళ్తుందో చూపడానికి.

శకటరేఫ:
ఏది ఒక పేరు అన్న ప్రశ్నకు వ్యాకరణం కొంత జవాబిస్తుంది. ఊరు అన్న మాట వారు ముందు ఊరి అవుతుంది, వీడు వీటి అవుతుంది. ఇలా చివర వచ్చే ఇ, టి వంటివాటిని ఔపవిభక్తికాలంటారు. అందుకే నండూరి, వేమూరి, కొండవీటి. అయినా గుంటూరు శేషేంద్రశర్మ, నిడుదవోలు వేంకటరావు అని ప్రథమలోనే, అంటే మారని రూపంలోనే, నిలిచిపోయినవీ ఉన్నాయి. గుంటూరు, గుంటూరి అని రెండు జాబితాలు వేస్తారా పంతులుగారూ? నేనైతే ఒకటే అంటాను.

ఊరిబావి:
మా ఊరు దగ్గరకే రండ్రి. పాలకుర్తి, పాల్కురికి. సోమనాథుణ్ణి పాల్కురికి అంటరు, ఊరును పాలకుర్తి అంటరు. ఇప్పుడు పాలకుర్తి ఇంటిపేరున్నోళ్ళను, పాల్కురికి ఇంటిపేరున్నోళ్ళను ఒకటే అంటరా? మెదక్ జిల్ల కొల్చారం మల్లినాథసూరి ఊరు. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసిన వ్యాఖ్యానాలల్ల కోలాచల మల్లినాథసూరి అని ఉంటది. బళ్ళారిల నాటకాలు రాసిన శ్రీనివాసరావు ఇంటిపేరు కోలాచలం. ఊరు కొల్చారమాయె, పేరు కోలాచలమై కొండ అర్థం వచ్చి కూసున్నది. ఊరి పేరు మారినంక ఇంటిపేరు పాత రూపంతోని నిలవడ్డది. నన్నడిగితె శాసనాల లెక్క ఇంటిపేర్లను చదువుకోవాలె. 1934ల సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ కవుల సంచిక తెచ్చిండ్రు, 354 మంది కవులు. తెలంగాణల కవులు లేరన్నందుకు జవాబు అది. దాంట్ల కవిత్వంతో పాటు ఇంటిపేర్లు ఊరూరు వట్టుకొని చూడుండ్రి, ఎక్కడోళ్ళు ఎక్కడికి పోయిండ్రో ఎరుకైతది.

నల్లకుంట పాఠకుడు:
ఆ సంచికలో మా ఇంటిపేరు ఉందేమో చూస్తాను. సుల్తాన్‌బజార్ భాషా నిలయానికి వెళ్తాను. మల్లియలారగారూ, మా పెదనాన్నగారి చిన్నమ్మాయి ఇంటిపేరు మార్చుకోలేదు. వంశవృక్షంలో ఆమె పిల్లలను కూడా రాయాలని మీ మాట చదివాక నిర్ణయించుకున్నాను. మరి పాదంలో ఒకఁడు అనే రాస్తాను. అర్థం ఏం రాయను?

మల్లియలార:
ఏమీ రాయకండి. పద్యం మాత్రం నాలుగు పాదాలూ రాయండి.

శకటరేఫ:
ఒకానొకఁడు అని రాయండి. టీక లేకుండా మీ మనవలకు అర్థం కాదు.

తంగేడు:
ఒక చిన్న సందేహం. మా దగ్గరికి బొమ్మెర అని ఇంటిపేరు రాసేవాళ్ళు వస్తుంటారు. బమ్మెర, బొమ్మెర ఒకటేనా? పద్యంలో ఏది?

శకటరేఫ:
పద్యంలో బమ్మెరే. ప్రాస తేల్చదు, ఎందుకంటే ప్రాసకు రెండో అక్షరం హల్లు కలిస్తే చాలు, బొమ్మెర అన్నా మ్మ ఉంటుంది. తేల్చేది యతి. పాదం మొదట బ, పదో అక్షరం భాగవతంబులోని భా. అకారానికి ఆకారం మైత్రి. బొ పెడితే ఒకారానికి ఆకారంతో మైత్రి లేదు, యతిభంగం. పోతన నోట అది బమ్మెర.

మల్లియలార:
ఈ ఒక్కదానికి మీకు నమస్కారం.

ఊరిబావి:
పోతన నోట బమ్మెర, బాగున్నది. బొమ్మెర అనేటోళ్ళ నోట బొమ్మెర ఎప్పటిసంది వచ్చింది? పలుకుబడిల మారిందా, స్కూలు రిజిస్టర్ల మారిందా, లేకపోతె అది ఇంకో ఊరా? మా దిక్కు ఆ ఇంటిపేరోళ్ళున్నరు. వాళ్ళ పెద్దమనిషిని గోత్రం అడిగి వచ్చి రాస్త. పంతులుగారూ, గోత్రం కలిస్తె రెండు పేర్లను ఒకటి కింద లెక్కవెట్టొచ్చునా?

లెక్కల పంతులు:
గోత్రం ఒక్కటే చాలదు, ఇంటిపేరు వేరై గోత్రం ఒకటైనవాళ్ళు కొల్లలు. ఏ ఊరి నుంచి వచ్చారో, ఇంటి దేవుడెవరో, సంబంధాలు ఎవరితో కలుపుకోరో అవి కూడా అడగండి. ఇప్పటికి నేను రెండుగానే వేస్తాను.

శకటరేఫ:
నేను ఒకటిగానే వేస్తాను.